స్థాపకుడి గడిలో ఏం రాయాలి? మతాల పాఠం రాసేవాళ్లకి, చెప్పేవాళ్లకి, మార్కులు వేసేవాళ్లకి ఒక బహిరంగ లేఖ

జనరల్ నాలెడ్జ్ పుస్తకాలు రాసేవాళ్లకి, అచ్చు వేసేవాళ్లకి, వాటిని కొనిపించే స్కూలు యాజమాన్యాలకి,

నమస్కారం. నేను చెన్నై పెరంబూరులో ఉంటాను. మాది వెంకటగిరి, పెళ్లయ్యాక ఇక్కడికొచ్చి పదహారేళ్లయింది. మా పాప ఆరో తరగతి. మీ పుస్తకంలోని మతాల పాఠం, దాని మీద స్కూల్లో పెట్టిన పరీక్ష గురించి నేను రాస్తున్న మొదటి ఉత్తరం కాదిది. ముందు డైరీలో క్లాస్ టీచర్ గారికి రాశాను, కింద సంతకం పెట్టి పంపారు, అంతే. ప్రిన్సిపల్ గారికి రెండు పేజీల మెయిల్ పెట్టాను, జవాబు లేదు. పుస్తకం వేసినవాళ్లకి స్పీడ్ పోస్టులో పంపితే "మీ సూచన నమోదు చేసుకున్నాం" అని ఒకే ఒక్క లైను వచ్చింది. పేరెంట్స్ మీటింగులో నోరు తెరిస్తే "ఈ మార్కులు రిపోర్టు కార్డులోకి కూడా రావమ్మా, మీకెందుకు టెన్షన్" అన్నారు. మూడు నెలలు ఓపిక పట్టాను. ఇక నలుగురూ చదివేలా రాస్తే తప్ప కదలరనిపించింది.

ప్రపంచ మతాల గురించి పిల్లలకి ఒక పాఠం ఉండాలని మీకు తోచినందుకు నిజంగానే సంతోషం. మా చిన్నప్పుడు అదీ లేదు. ఇక అసలు విషయానికి వస్తాను.

ఆ పరీక్ష పేపరు ఒక జిరాక్స్ కాగితం. పైన "ప్రపంచ ప్రధాన మతాలు: పోలిక". అడ్డంగా ఆరు మతాలు: హిందూ, ఇస్లాం, క్రైస్తవం, సిక్కు, బౌద్ధం, జైనం. నిలువుగా ఐదు ప్రశ్నలు: స్థాపకుడు, పవిత్ర గ్రంథం, దేవుడు, ప్రార్థనా స్థలం, గుర్తు. మొత్తం 30 గళ్లు, గడికి అర మార్కు. మా పాపకి 15కి 12½ వచ్చాయి. ఎర్ర ఇంకుతో కొట్టేసిన ఐదు గళ్లు ఇవి. హిందూ మతం స్థాపకుడు అన్నచోట "ఎవరూ కాదు" అని రాసింది. మీ పుస్తకం వెనక జవాబు "ఆర్యులు". హిందువుల దేవుడు అన్నచోట "మా ఇంట్లో పోలేరమ్మ" అని రాసింది, మీ జవాబు "బ్రహ్మ విష్ణు మహేశ్వరులు". బౌద్ధం, దేవుడు: "లేడు" అంది, మీ జవాబు "బుద్ధుడు". జైనం స్థాపకుడి గడిలో "ఋషభనాథుడు" అని రాసింది, దేవుడి గడిలో "లోకాన్ని ఎవరూ చేయలేదు" అని రాసింది. రెండిటికీ మీ జవాబు "మహావీరుడు". ఆ జైనం సంగతులు పక్క బెంచీ అమ్మాయి చెప్పిందట. ఆ అమ్మాయిది సౌకార్‌పేట నుంచి వచ్చిన జైనుల ఇల్లు. తన ఇంటి మతం గురించి తను రాసిన జవాబులకి ఆ పిల్లకీ సున్నాలే పడ్డాయి.

నేను ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, పొద్దున్నుంచి సాయంత్రం దాకా గళ్లతోనే నా బతుకు. మా పనిలో సున్నా వేరు, ఖాళీ వేరు, "వర్తించదు" వేరు. మూడూ ఒకటే అనుకునేవాడికి ఆడిటర్ దగ్గర చీవాట్లు తప్పవు. మీ పట్టికలో తప్పు జవాబులు కొన్ని ఉన్నాయి, అవి దిద్దుకోవచ్చు. నా గొడవ అది కాదు. ఆ ప్రశ్నలే కొన్ని మతాలకి కొలతలు తీసి కుట్టినవి. ఒక ప్రవక్త, ఒక పుస్తకం, ఒక దేవుడు ఉన్నచోట అవి చక్కగా అతుకుతాయి. మిగతావాటికి అవే ప్రశ్నలు వేయడం తక్కెడతో చీర కొలిచినట్టు ఉంటుంది. కొలత ఏదో వస్తుంది, దానికి అర్థం మాత్రం ఉండదు.

ఒక్కో వరసా చూద్దాం.

1. స్థాపకుడు. హిందూ మతానికి ఒక స్థాపకుడు లేడు, ఒక పుట్టినరోజూ లేదు. ఆ పేరు కూడా సింధు నదికి అవతలివాళ్లు, పారశీకులు, పిలిచిన పిలుపు నుంచి వచ్చింది. జైనులు 24 మంది తీర్థంకరులని చెబుతారు, మొదటివాడు ఋషభనాథుడు, మహావీరుడు ఆఖరివాడు. ఆఖరివాణ్ని మొదటివాడని రాయించి మార్కు వేస్తున్నారు మీరు. ఇస్లాం గడిలో మీ జవాబు "మహమ్మద్ ప్రవక్త", పాపకి మార్కు పడింది. కానీ ముస్లింలని అడిగి చూడండి. ఆదం నుంచి ఇబ్రాహీం, మూసా, ఈసా దాకా వచ్చిన ప్రవక్తల్లో ఆయన ఆఖరివారని, కొత్త మతం పెట్టలేదని, ఉన్నదాన్నే మళ్లీ చెప్పారని అంటారు. ఆయన 570 ప్రాంతంలో మక్కాలో పుట్టారని, 622లో మదీనాకి వలస వెళ్లారని, ముస్లింల హిజ్రీ సంవత్సరాలు ఆ వలస నుంచే లెక్కపెడతారని చరిత్ర చెబుతుంది. రెండూ రాయొచ్చు కదా, చరిత్ర ఏమంటుంది, నమ్మేవాళ్లు ఏమంటారు అని. రెండు లైన్లు పడుతుంది, అంతే.

2. పవిత్ర గ్రంథం. మీ జవాబు ప్రకారం హిందువులకి భగవద్గీత. నాకు గీత మీద భక్తి తక్కువేం లేదు. అది మహాభారతంలో భీష్మపర్వంలోని 18 అధ్యాయాలు, 700 శ్లోకాలు. కానీ ఒక్కసారి ట్రిప్లికేన్ రండి. ఆ గీత చెప్పిన పార్థసారథి స్వామే అక్కడున్నాడు. ఆయన ఊరేగింపు వస్తుంటే పల్లకీ ముందు నడిచేవాళ్లు పాడేది ఆళ్వార్ల తమిళ పాశురాలు, నాలుగు వేల దివ్యప్రబంధం. వేదం చదివేవాళ్లు పల్లకీ వెనక వస్తారు. మరి ఆ గడిలో ఏది రాయాలి? బైబిల్ కూడా మీరనుకున్నంత సులువు కాదు, కాథలిక్కుల బైబిల్లో 73 పుస్తకాలు, ప్రొటెస్టెంట్ల దాంట్లో 66. కాథలిక్కుల శాంథోమ్ చర్చికి వెళ్లే పిల్ల, ప్రొటెస్టెంట్ల సీఎస్ఐ చర్చికి వెళ్లే పిల్ల ఒకే క్లాసులో ఉన్నారనుకోండి, ఇద్దరి ఇళ్లలో ఉన్న బైబిళ్లు ఒకే లావు ఉండవు. ఇక సిక్కుల గురు గ్రంథ్ సాహిబ్‌ని "పుస్తకం" అనడానికే నాకు నోరు రావడం లేదు. టీ నగర్ జీఎన్ చెట్టి రోడ్డులో గురుద్వారా ఉంది, తలకి గుడ్డ కట్టుకుని ఎవరైనా వెళ్లొచ్చు. అక్కడ 1430 పేజీల ఆ గ్రంథమే గురువు, పదో గురువు తర్వాత మనిషి గురువు లేడు. దానికి చామరం వీస్తారు, రాత్రి పడుకోబెడతారు. లోపల సిక్కు గురువుల పాటలతో పాటు కబీరు, నామదేవుడు, రవిదాసు, షేక్ ఫరీద్ పాటలూ ఉన్నాయి. అది చూసి కాబోలు మీరు "సిక్కు మతం హిందూ, ఇస్లాం మతాల కలయిక" అని ఒక లైను వేశారు. అలా అంటే 1469లో పుట్టిన నానక్ సొంతంగా చెప్పిందేమీ లేదన్నట్టే. సిక్కులకి ఆ మాట ఎంత గుచ్చుకుంటుందో రాసేముందు ఒక్కరిని అడిగినా తెలిసేది.

3. దేవుడు. ఈ వరస చూసే నాకు నిద్ర పట్టలేదు. బౌద్ధంలో లోకాన్ని సృష్టించిన దేవుడి ప్రసక్తి లేదు. ఇంద్రుడు, బ్రహ్మ లాంటి దేవతలు ఆ కథల్లో కనిపిస్తారు, కానీ వాళ్లు కూడా పుట్టి చచ్చేవాళ్లే, దారి కోసం బుద్ధుడి దగ్గరికి వచ్చేవాళ్లే. మన తెలుగువాళ్ల అమరావతి శిల్పాలు బోలెడు ఎగ్మోర్ మ్యూజియంలో ఉన్నాయి. తొలినాటి వాటిలో బుద్ధుడు మనిషి రూపంలో కనబడడు. ఖాళీ ఆసనం, రెండు పాదాల గుర్తులు, బోధిచెట్టు, వాటి ముందు దణ్ణం పెడుతున్న జనం. తర్వాతి కాలం వాటిలో మనిషి రూపం వచ్చింది. స్కూలు బస్సులో అరగంట దూరం, మీ పాఠమంతా ఆ ఒక్క హాల్లో చెప్పొచ్చు. దాని బదులు "దేవుడు: బుద్ధుడు" అని రాయించి, "లేడు" అని రాసిన పిల్లకి సున్నా వేశారు. "అల్లా" అన్నచోట మీరు మార్కు వేశారు, సంతోషం. కానీ అల్లా అంటే అరబ్బీలో దేవుడనే అర్థమని, అరబ్బీ మాట్లాడే క్రైస్తవులు కూడా ప్రార్థనలో ఆ మాటే అంటారని ఒక లైను వేసి ఉంటే, "మీ దేవుడు వేరు, మా దేవుడు వేరు" అని స్కూలు వ్యానులో పిల్లల మధ్య జరిగిన గొడవ జరిగేది కాదు.

పోలేరమ్మ సంగతి. వెంకటగిరిలో పోలేరమ్మ జాతర ఎలా జరుగుతుందో తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. మా అమ్మకి బ్రహ్మ గురించి తెలిసింది సినిమాల్లో చూసినంతే, కష్టమొస్తే నోట వచ్చేది పోలేరమ్మ పేరే. "మీ దేవుడు ఎవరు" అని అడిగితే మా పాప నిజం చెప్పింది. నిజం చెప్పినందుకు అర మార్కు కోశారు.

4. వదిలేసిన వరసలు. యూదు మతం మీ పట్టికలో లేదు. ప్రపంచంలో యూదులు సుమారు కోటిన్నర మందే కాబట్టి "ప్రధానం" కాదనుకున్నారేమో. కానీ అది లేకుండా క్రైస్తవాన్నీ ఇస్లామునీ ఎలా అర్థం చేసుకుంటారు? అబ్రహాము, ఇబ్రాహీం ఒక్కరే. బక్రీద్ వెనకున్న బలి కథ ముగ్గురికీ ఉంది. ఆ కొడుకు ఇస్సాకు అని యూదులు, క్రైస్తవులు అంటారు, ఎక్కువమంది ముస్లింలు ఇస్మాయీల్ అంటారు. పోలిక అంటే ఇదీ. మాకు దగ్గర్లోనే రాయపురంలో 1910 నాటి పార్సీల అగ్ని ఆలయం ఉంది, దాని ముందు నుంచి రోజూ బస్సులు పోతుంటాయి, వాళ్ల ప్రవక్త జరతుష్ట్ర పేరు మాత్రం మీ పుస్తకంలో లేదు. ఇక ఏ మతమూ లేనివాళ్లు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2020 లెక్క ప్రకారం ప్రపంచంలో క్రైస్తవులు దాదాపు 230 కోట్లు, ముస్లింలు 200 కోట్లు, ఆ వెంటనే ఏ మతానికీ చెందమనేవాళ్లు 190 కోట్లు, ఆ తర్వాత హిందువులు 120 కోట్లు. మూడో వరసలో ఉన్నవాళ్లకి మీ కాగితం మీద చోటే లేదు! పెరియార్ తిరిగిన ఊళ్లో కూర్చుని నాస్తికుల్ని మర్చిపోవడం ఎలా కుదిరిందో నాకు అర్థం కాలేదు.

5. ఒక మనిషికి ఒకే గడి. మా అత్తగారిది నెల్లూరు. పెళ్లయి నాలుగేళ్లయినా పిల్లలు లేరని, మొహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి సంతానం రొట్టె పట్టుకున్నారు. కోరిక తీరినవాళ్లు రొట్టె తెచ్చి ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, ఇలా. తర్వాత మా ఆయన పుట్టాక ఆవిడ తిరిగెళ్లి ఇంకెవరికో రొట్టె ఇచ్చి వచ్చారు. ఆవిడ ప్రతి శనివారం వెంకటేశ్వరస్వామికి ఒంటిపూట ఉంటారు. ఈ పేపరు చూసి మా పాప అడిగింది, "నాన్నమ్మ ఏ గడిలో అమ్మా?" అని. జపాన్‌లో మత సంస్థలు చెప్పే సభ్యుల లెక్క అంతా కూడితే దేశ జనాభా కంటే ఎక్కువ వస్తుంది, ఎందుకంటే ఒకే మనిషి షింటో గుడికీ బౌద్ధ ఆలయానికీ ఇద్దరి లెక్కలోనూ ఉంటాడు. అకౌంట్స్ మనిషిగా చెబుతున్నా, అది లెక్క తప్పు కాదు.

"చిన్నపిల్లలకి ఇవన్నీ ఎక్కడ ఎక్కుతాయండీ" అంటారు. ఎక్కుతాయి, ప్రశ్న మారిస్తే. నేను మా పాపతో ఒక ఆదివారం క్యాలెండర్ ముందేసుకుని కూర్చున్నాను. రంజాన్ ఏటా పదకొండు రోజులు ఎందుకు ముందుకు జరుగుతుంది? చంద్రుడి పన్నెండు నెలలు కలిపితే 354 రోజులే, ముస్లింలు దాన్ని అలాగే వదిలేస్తారు కాబట్టి పండగ ఎండాకాలం నుంచి చలికాలం దాకా తిరిగొస్తుంది. మరి మన ఉగాది ఎందుకు తిరగదు? మనం అధికమాసం వేసి సరిచేసుకుంటాం, 2023లో అధిక శ్రావణం వచ్చింది చూడు. యూదులు కూడా అంతే, 19 ఏళ్లకి ఏడుసార్లు ఒక నెల అదనంగా కలుపుతారు, మన పద్ధతిలోనూ దాదాపు అదే లెక్క. ఈస్టర్ ఎప్పుడు? మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పౌర్ణమి చూసి, దాని తర్వాతి ఆదివారం. అంటే క్రైస్తవులు కూడా పౌర్ణమి చూసుకుంటారా అని దాని కళ్లు ఇంతయ్యాయి. వైశాఖ పౌర్ణమి బుద్ధుడిది, కార్తీక పౌర్ణమికి గురునానక్ జయంతి. సాయంత్రం డాబా మీదికెళ్లి చంద్రుణ్ని వెతికింది. ఆ గంటలో నేర్చుకున్నది మీ 30 గళ్లలో లేదు. ఎవరిది గొప్ప, ఎవరిది పాత అన్న ప్రశ్న కూడా ఒక్కసారి రాలేదు, అది గమనించండి.

పట్టిక మహా అయితే ఒక పేపరు, దాని వల్ల ఎవరికేం నష్టం అంటారా. ఆ జైనుల పిల్ల ఇప్పుడు తన టిఫిన్ డబ్బా విడిగా కూర్చుని తింటోంది, "మీ మతానికి దేవుడే లేడంటగా" అని ఎవరో అన్నారట. ఈ పిల్లలే రేపు నర్సులవుతారు, ఇల్లు అద్దెకిచ్చే ఓనర్లవుతారు, ఆఫీసుల్లో సెలవులు ఇచ్చే మేనేజర్లవుతారు. పొద్దుగూకాక ముద్ద ముట్టని జైన పేషెంటుకి రాత్రి ఎనిమిదికి భోజనం పెట్టి "తినలేదు" అని రాసేస్తారు. సిక్కు పేషెంటు జుట్టు అడక్కుండా కత్తిరిస్తారు. ముస్లిం ఇంట్లో చావొస్తే ఆ రోజే ఖననం చేయాలని ఎందుకు తొందరపడతారో తెలీక కాగితాల కోసం మర్నాటి దాకా కూర్చోబెడతారు. స్థాపకుడి పేరు తెలియనందువల్ల లోకంలో ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు. ఇవి తెలియకపోతే వస్తుంది.

మీటింగులో ఇంకో మాట అన్నారు, "మతం సున్నితమైన విషయం, మేం లోతుకి పోం" అని. సున్నితమని తెలిసినవాళ్లు దాన్ని అర మార్కు ప్రశ్నలుగా ముక్కలు చేయకూడదు. చట్టం అడ్డం అనుకోకండి. పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే స్కూళ్లలో మతబోధ వద్దని రాజ్యాంగం 28వ అధికరణ చెబుతుంది. మతాల గురించి చదువు చెప్పడానికి అది అడ్డం కాదని సుప్రీంకోర్టు 2002లోనే తేల్చింది. మీది ప్రైవేటు స్కూలు, ఆ సాకు అసలే కుదరదు.

కాబట్టి నేను అడిగేవి:

1. "స్థాపకుడు", "దేవుడు" అన్న వరసలు తీసేయండి. వాటి స్థానంలో "ఎలా మొదలైందని వాళ్లు చెబుతారు, చరిత్ర ఏం చెబుతుంది" అని ఒకటి, "దేవుడి గురించి ఏమంటారు, అసలు అంటారా" అని ఒకటి పెట్టండి. "వర్తించదు" అని రాస్తే మార్కు వేయండి.

2. పుట్టుక, పెళ్లి, చావు, ఉపవాసం, క్యాలెండర్. పోలికకి ఈ ఐదూ చాలు. ఏకాదశి, రంజాన్, క్రైస్తవుల లెంట్, జైనుల పర్యూషణం, నాలుగు ఉపవాసాలు పక్కపక్కన పెడితే పిల్లలే మిగతాది మాట్లాడతారు.

3. యూదు, పార్సీ మతాలకి, ఊరి దేవతలకి, ఏ మతమూ లేనివాళ్లకి తలా ఒక పేజీ. బౌద్ధం పేజీలో 1898లో మన మద్రాసులోనే శాక్య బౌద్ధ సంఘం పెట్టిన అయోతి దాస్ పండితర్ గురించి, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో బౌద్ధం తీసుకున్న అంబేద్కర్ గారి గురించి రాయండి. బౌద్ధం అంటే ఎప్పుడో అయిపోయిన కథ అనుకుంటున్నారు పిల్లలు.

4. ఏ మతం పేజీని ఆ మతంవాళ్లు ఒకరైనా అచ్చుకి ముందు చదవాలి. దిద్దమని కాదు, చదివి ఇది మేమేనా అని చెప్పమని. దీనికి ఖర్చేమీ లేదు, మీ టీచర్లలోనే అందరూ ఉన్నారు.

5. ఏడాదికి ఒక్క రోజు ఎగ్మోర్ మ్యూజియం, ఒక గురుద్వారా. రిసార్టుకి పిక్నిక్ అని ఇంటికి పదిహేను వందలు వసూలు చేశారు, దీనికి అందులో పదో వంతు కూడా కాదు.

6. ఆ పేపరు మళ్లీ దిద్దండి, క్లాసు మొత్తానికి. ముందు ఆ జైనుల పిల్ల పేపరు, అందరి ముందూ.

జూన్‌లో కొత్త పుస్తకాలు వస్తాయి, ఏప్రిల్లో అచ్చుకి పోతాయని విన్నాను. ఈసారి "నమోదు చేసుకున్నాం" అని రాయకండి. ఏ గడి మారుస్తున్నారు, ఏది మార్చరు, ఎందుకు మార్చరు, అది రాయండి.

ఇట్లు,
ఆరో తరగతి పాప తల్లి,
పెరంబూరు, చెన్నై